బుసెరియాస్‌లో పిన్నీ బాబాయిల ఇంటికి వెళ్ళేముందు అందరూ అడిగే ప్రశ్నలు

మా పిన్ని, బాబాయి రిటైరయ్యాక మెక్సికోలో పసిఫిక్ ఒడ్డున బుసెరియాస్ అనే ఊళ్ళో స్థిరపడ్డారు. ఆరేళ్ళయింది. మేం డాలస్ నుంచి ఏడాదికోసారైనా వెళ్ళొస్తుంటాం కాబట్టి చుట్టాల్లో ఎవరు బయల్దేరినా ముందు నాకే ఫోన్ చేస్తారు, అవే ప్రశ్నలు అడుగుతారు. మొన్న సంక్రాంతికి ఒకే రోజు ముగ్గురు "మెక్సికోకి వీసా కావాలా?" అని అడిగేసరికి ఇక రాసి పెట్టేద్దామనిపించింది. వరసగా చదవక్కర్లేదు, మీకు కావాల్సింది చూసుకోండి.

## టికెట్ కొనకముందు

అసలు ఈ ఊరెక్కడ? కాన్‌కూన్ పక్కనేనా?

కాదు, పూర్తిగా అటువైపు. కాన్‌కూన్ తూర్పున కరీబియన్ సముద్రం మీద ఉంటే, ఇది పడమటి ఒడ్డున బండేరాస్ అఖాతం మీద ఉంది. దిగాల్సింది పువెర్తో వయార్తా ఎయిర్‌పోర్టులో. దాని కోడ్ పీవీఆర్, సినిమా హాలు పేరులా ఉంటుంది కాబట్టి మర్చిపోరు. డాలస్, హ్యూస్టన్, ఫీనిక్స్, లాస్ ఏంజెలెస్, శాన్ ఫ్రాన్సిస్కో, షికాగో లాంటి చోట్ల నుంచి డైరెక్ట్ ఫ్లైట్లున్నాయి. డాలస్ నుంచి మూడు గంటలకి కాస్త అటూ ఇటూ. ఎయిర్‌పోర్ట్ హలిస్కో రాష్ట్రంలో ఉంది, అమేకా నది దాటగానే నయారిత్ రాష్ట్రం, అక్కడ ఉత్తరంగా ఇంకాస్త వెళ్తే బుసెరియాస్. పేరుకి అర్థం సముద్రంలో మునకేసేవాళ్ళ ఊరని. ఒకప్పుడు ఇక్కడివాళ్ళు ఆల్చిప్పల కోసం నీళ్ళలోకి దూకేవాళ్ళట.

వాళ్ళు హాయిగా హైదరాబాద్‌లో ఉండకుండా అక్కడికెందుకు వెళ్ళారు?

ఇది ప్రతి ఒక్కరూ అడుగుతారు, అదీ వాళ్ళ డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని, వాళ్ళ అన్నం తింటూ. దయచేసి మీరు అడక్కండి. జవాబు నేనే చెప్తాను: పిల్లలు, మనవలు టెక్సస్‌లో ఉన్నారు, ఏదన్నా అయితే పొద్దున ఎక్కి మధ్యాహ్నానికి చేరిపోవచ్చు. హైదరాబాద్ అయితే దాదాపు రోజంతా ప్రయాణం, పైగా జెట్‌లాగ్. పెన్షన్ డాలర్లలో వస్తుంది, ఖర్చు పెసోల్లో అవుతుంది. ఇక చలి పడదు. బాబాయిది వైజాగ్, సముద్రం కనపడకపోతే ఆయనకి తోచదు.

ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళు మెక్సికో వీసా తీసుకోవాలా?

అమెరికా గ్రీన్‌కార్డ్ గానీ, గడువు ఉన్న అమెరికా వీసా స్టాంప్ గానీ పాస్‌పోర్ట్‌తో పాటు ఉంటే టూరిస్టుగా వెళ్ళడానికి అక్కర్లేదు. కెనడా, యూకే, జపాన్, షెంగెన్ వీసాలకీ ఇదే పద్ధతి. అవేవీ లేకుండా నేరుగా ఇండియా నుంచి వచ్చేవాళ్ళు మాత్రం మెక్సికో వీసా తీసుకోవాల్సిందే. టూరిస్టుగా గరిష్ఠంగా 180 రోజులుండొచ్చు గానీ అన్ని రోజులూ అందరికీ ఇస్తారని లేదు, ఆఫీసర్ ఎన్ని రోజులు రాస్తే అన్నే. స్టాంప్ వేశాక అక్కడే నిలబడి చూసుకోండి. రిటర్న్ టికెట్, పిన్నివాళ్ళ అడ్రస్ కాగితం మీద పెట్టుకోండి, ఫోన్ చార్జింగ్ సరిగ్గా ఆ క్యూలోనే అయిపోతుంది.

హెచ్-1బి స్టాంప్ ఎక్స్‌పైర్ అయింది, కొత్త ఐ-797 (అమెరికా ఇచ్చే అప్రూవల్ నోటీసు) ఉంది. వెళ్ళి రావచ్చా?

ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. ఇందులో రెండు వేరు వేరు విషయాలున్నాయి. తిరిగి అమెరికా రావడానికి ఆటోమేటిక్ రీవాలిడేషన్ అనే వెసులుబాటు ఉంది: మెక్సికోలో 30 రోజులు మించకుండా ఉండి, గడువు ఉన్న ఐ-94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) చేతిలో ఉండి, అక్కడ కొత్త అమెరికా వీసాకి అప్లై చేయకపోతే పాత స్టాంప్‌తోనే రావచ్చు. కానీ మెక్సికోలోకి అడుగు పెట్టడానికి మీ పాత స్టాంప్ చెల్లదు, ముందుగా మెక్సికన్ కాన్సులేట్ నుంచి వీసా తీసుకోవాలి. అందరూ మొదటిది చదివి రెండోది వదిలేస్తారు, చెకిన్ కౌంటర్‌లో వెనక్కి పంపేస్తారు. గ్రీన్‌కార్డ్ అప్లికేషన్ పెండింగ్‌లో ఉండి ఈఏడీ (పని చేసుకునే అనుమతి కార్డు) మీద నడుస్తున్నవాళ్ళు అడ్వాన్స్ పెరోల్ (బయటికెళ్ళి తిరిగి రావడానికి ముందస్తు అనుమతి) సంగతి లాయర్‌ని అడగకుండా కదలొద్దు.

అమ్మానాన్న విజిటర్ వీసా మీద వచ్చారు. మెక్సికో వెళ్ళొస్తే ఆరు నెలలు మళ్ళీ మొదలవుతాయా?

ఆ ఆశ పెట్టుకోవద్దు. 30 రోజుల్లోపు మెక్సికో వెళ్ళొస్తే మామూలుగా పాత ఐ-94 మీదే రానిస్తారు, తేదీ మారదు. వాళ్ళని తీసుకెళ్ళడానికి మాత్రం ఏ ఇబ్బందీ లేదు, వీసా మల్టిపుల్ ఎంట్రీ అయి గడువుంటే చాలు. వాళ్ళకి తీసుకున్న విజిటర్ ఇన్సూరెన్స్ మెక్సికోలో పనిచేస్తుందా అన్నది ముందే ఫోన్ చేసి కనుక్కోండి.

ఏ నెలలో వెళ్తే బాగుంటుంది?

నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా వాతావరణం అద్భుతం. అమెరికా, కెనడాల చలికి తట్టుకోలేని పెద్దవాళ్ళంతా అప్పుడే దిగుతారు, టికెట్ల ధరలూ అప్పుడే పెరుగుతాయి. జూన్ నుంచి అక్టోబర్ దాకా వానలు, ఉక్క. వైజాగ్ మే నెల తెలిసినవాళ్ళకి కొత్తేం కాదు గానీ తెలియనివాళ్ళు అల్లాడిపోతారు. తుపానులు మే మధ్య నుంచి నవంబర్ ఆఖరుదాకా వచ్చే అవకాశం ఉంది. 2023 అక్టోబర్‌లో లిడియా తుపాను వయార్తాకి దక్షిణంగా తీరం దాటింది. ఈస్టర్ ముందు వారం, తర్వాతి వారం మెక్సికో మెక్సికో అంతా బీచ్‌లకే వస్తుంది, ఆ రెండు వారాలూ తప్పించుకోండి. నన్నడిగితే నవంబర్ మొదటి వారం. వానలకి కొండలన్నీ పచ్చగా ఉంటాయి, చనిపోయిన పెద్దల్ని తలుచుకునే పండగ 1, 2 తేదీల్లో వస్తుంది, ఊరంతా బంతిపూలే. మన గుమ్మాలకి కట్టే బంతిపువ్వు పుట్టిల్లు అసలు మెక్సికోయే.

ఎన్ని రోజులుంటే వాళ్ళకి ఇబ్బంది ఉండదు?

వారం. పిన్ని నెల రోజులుండమంటుంది, ఆవిడ అలాగే అంటుంది. కిందటి సీజన్‌లో వాళ్ళింట్లో వరసగా నాలుగు బ్యాచ్‌ల చుట్టాలు దిగారు, ఒకళ్ళ దుప్పట్లు ఆరకముందే ఇంకొకళ్ళు. బాబాయి నవ్వుతూనే అన్నాడు, "రిటైరయ్యి లాడ్జి పెట్టినట్టుంది రా" అని. పది రోజులు దాటి ఉండాలనుకుంటే మిగతా రోజులకి దగ్గర్లో అద్దె గది తీసుకోండి, వాళ్ళు ముందు నొచ్చుకుంటారు, తర్వాత హాయిగా ఊపిరి పీల్చుకుంటారు.

మెక్సికో అంటే భయంగా ఉంది. సేఫేనా?

అమెరికా విదేశాంగ శాఖ మెక్సికోకి రాష్ట్రాలవారీగా హెచ్చరికలు ఇస్తుంది, నయారిత్, హలిస్కో రెండూ విడివిడిగా ఉంటాయి. మీరు రెండింట్లోనూ తిరుగుతారు కాబట్టి బయల్దేరే వారంలో రెండూ చదవండి. ఊళ్ళో మేం పాటించేవి మామూలు జాగ్రత్తలే: రాత్రిపూట ఊళ్ళ మధ్య హైవే మీద కారు నడపం, ఒంటి మీద బంగారం వేసుకోం, చీకటి పడ్డాక ఖాళీ బీచ్‌లో నడవం. పిన్ని ఆరేళ్ళుగా మంగళసూత్రం నల్లపూసలతోనే నెట్టుకొస్తోంది.

## సూట్‌కేసు సర్దేటప్పుడు

పచ్చళ్ళు, పొడులు తీసుకెళ్ళొచ్చా?

లేబుల్ ఉండి సీల్ చేసిన ప్యాకెట్లు మేం ఎప్పుడూ డిక్లేర్ చేసే తీసుకెళ్తాం, ఇబ్బంది రాలేదు. తాజా కరివేపాకు, పండ్లు, విత్తనాలు, మాంసం జోలికి పోవద్దు. మూట కట్టిన ఇంటి పొడుల విషయంలో ఆఫీసర్‌దే తుది మాట, తీసుకుంటే తీసుకున్నాడు అని మనసుని సిద్ధం చేసుకోవాలి. వాళ్ళకి నిజంగా దొరకనివి ఇంగువ, మినప్పప్పు, మంచి ఫిల్టర్ కాఫీ పొడి. కొత్తిమీర, కొబ్బరి, పచ్చిమిరప, చింతపండు అక్కడ పుష్కలం, అవి మోసుకెళ్ళిన మా మేనత్తని ఇప్పటికీ ఆటపట్టిస్తాం.

ఇండియా నుంచి మిక్సీ పట్టుకెళ్ళనా?

వద్దు. అక్కడ కరెంటు 127 వోల్టులు, ప్లగ్గులు అమెరికావే. మన 230 వోల్టుల మిక్సీ మూలుగుతుంది తప్ప తిరగదు. ఫోన్, ల్యాప్‌టాప్ చార్జర్లకి పిన్ అడాప్టర్ చాలు.

మందుల సంగతి?

రోజూ వేసుకునేవి ఒరిజినల్ సీసాల్లో, ప్రిస్క్రిప్షన్‌తో పాటు. సూడోఎఫెడ్రిన్ ఉన్న జలుబు మాత్రలు మెక్సికోలో నిషేధం, అమెరికాలో షాపులో కొనుక్కున్నదే అయినా సరే. ఈ-సిగరెట్లు కూడా తీసుకెళ్ళకూడదు.

## దిగిన రోజు

ఎయిర్‌పోర్ట్ నుంచి ఇంటికి ఎలా వెళ్ళాలి?

కస్టమ్స్ దాటగానే ఒక హాలు వస్తుంది, యూనిఫాం లాంటివి వేసుకున్న మనుషులు "టాక్సీనా సార్, మీ హోటల్ ఏది" అని చుట్టుముడతారు. వాళ్ళు టాక్సీవాళ్ళు కాదు, టైమ్‌షేర్ (ఏడాదిలో కొన్ని రోజులు రిసార్టులో ఉండే హక్కు) అమ్మేవాళ్ళు. అక్కడ పాతకాపులు ఆ హాలుని సొరచేపల తొట్టి అంటారు. మొదటిసారి వెళ్ళినప్పుడు ఫ్రీ టాక్సీ, ఫ్రీ టిఫిన్ అంటే నేనూ మా ఆయనా సరేనన్నాం. మర్నాడు ఒక రిసార్టులో ఐదు గంటలు కూర్చోబెట్టి ఒకరి తర్వాత ఒకరు వచ్చి నూరిపోశారు, టిఫిన్‌లో పుచ్చకాయ ముక్కలు తప్ప నాకు తినగలిగిందేం లేదు. కాబట్టి ఎవరి కళ్ళలోకీ చూడకుండా నేరుగా బయటికి నడవండి. టాక్సీ కౌంటర్లలో ఏరియాని బట్టి ఫిక్స్‌డ్ రేటు ఉంటుంది. సామాను తక్కువైతే బయట హైవే మీది పాదచారుల వంతెన దాటండి, అవతలివైపు ఊబర్, మామూలు టాక్సీలు చవక, బుసెరియాస్ బస్సూ అక్కడే ఎక్కొచ్చు. బస్సులో పెసోలే తీసుకుంటారు. ట్రాఫిక్ లేకపోతే అరగంట ప్రయాణం, సాయంత్రమైతే చెప్పలేం. బాబాయిని ఎయిర్‌పోర్ట్‌కి రమ్మనకండి, ఆయన వస్తానంటాడు, అయినా సరే.

డాలర్లు సరిపోతాయా, పెసోలు మార్చుకోవాలా?

పెసోలే వాడండి. ఈమధ్య కొన్నేళ్ళుగా డాలర్‌కి సుమారు 17 నుంచి 20 పెసోల మధ్య ఆడుతోంది. షాపులో డాలర్ ఇస్తే వాళ్ళకి నచ్చిన రేటు కడతారు. బ్యాంకు ఏటీఎంలో తీసేటప్పుడు "మా రేటుకి మార్చమంటారా" అని అడుగుతుంది, వద్దు అని నొక్కండి, మీ బ్యాంకు రేటే నయం. హోటళ్ళలో టిప్పు 10 నుంచి 15 శాతం. దాన్ని ప్రొపీనా అంటారు.

టైం తేడా ఎంత?

మెక్సికో 2022లో చాలా చోట్ల గడియారం ముందుకీ వెనక్కీ జరపడం మానేసింది. అందుకని బుసెరియాస్ టైం చలికాలంలో డాలస్‌తో సమానం, ఎండాకాలంలో ఒక గంట వెనక. ఇండియాతో ఏడాది పొడుగునా పదకొండున్నర గంటల తేడా, అక్కడ పొద్దున 8 అయితే మనవాళ్ళకి రాత్రి ఏడున్నర.

## వాళ్ళింట్లో ఉన్నప్పుడు

ఏసీ వేసుకోవచ్చా?

పడుకునేటప్పుడు వేసుకోండి, బాల్కనీ తలుపు మూసి వేసుకోండి. ఇదేదో పిసినారితనం అనుకోవద్దు. అక్కడ కరెంటు బిల్లు రెండు నెలలకోసారి వస్తుంది, ఏడాది సగటు వాడకం ఒక హద్దు దాటితే సబ్సిడీ తీసేసి డాక్ అనే ఖరీదైన టారిఫ్‌లోకి నెట్టేస్తారు, మళ్ళీ సగటు తగ్గేదాకా అందులోనే. అంటే మీరు వారం ఉండి వెళ్ళిపోతారు, బిల్లు మాత్రం నెలల తరబడి వాళ్ళు కడుతుంటారు. ఒకసారి తలుపు తీసి ఏసీ వేసి బీచ్‌కి వెళ్ళిపోయింది నేనే. బాబాయి ఏమీ అనలేదు. మర్నాడు తలుపు మీద తెలుగులో చిన్న చీటీ ఉంది: "ముందు నన్ను మూయండి".

కుళాయి నీళ్ళు తాగొచ్చా?

తాగొద్దు. తాగడానికి 20 లీటర్ల క్యాన్, గరఫోన్ అంటారు, అచ్చం మన వీధుల్లో వేసే వాటర్ క్యానే. వ్యాన్‌వాడు "ఆగ్వా!" అని అరుచుకుంటూ వస్తాడు, ఖాళీది ఇస్తే నిండుది పెట్టి వెళ్తాడు. పొద్దున్నే వీధిలోంచి మైకులో పాట వినిపిస్తే గుడి కాదు, గ్యాస్ బండి. పిల్లలు పళ్ళు తోముకోవడానికి కూడా మేం ఆ క్యాన్ నీళ్ళే ఇస్తాం.

మేం శాకాహారులం. బయట ఏం తినాలి?

"సిన్ కార్నే" అంటే మాంసం లేకుండా అని, కానీ చాలామందికి కార్నే అంటే గొడ్డు మాంసమే, చికెన్ లెక్కలోకి రాదు. కాబట్టి "సిన్ కార్నే, సిన్ పోయో, సిన్ పెస్కాదో" (మాంసం, చికెన్, చేప లేకుండా) అని మూడూ చెప్పాలి. అప్పుడు కూడా రెండు చోట్ల దొరికిపోతారు: గింజల ముద్ద ఫ్రిహోలెస్‌ని చాలా చోట్ల పంది కొవ్వుతో వేయిస్తారు, ఎర్ర అన్నాన్ని చికెన్ నీళ్ళతో వండుతారు. "మాంతేకా" ఉందా, "కాల్దో దే పోయో" వేశారా అని అడగండి. నిశ్చింతగా తినగలిగేవి కాల్చిన మొక్కజొన్న, నోపాల్ అనే బ్రహ్మజెముడు కూర, చీజ్ పెట్టి మడిచి కాల్చిన రొట్టె కేసదియా, ఉప్పూ కారం నిమ్మకాయ పిండిన మామిడి ముక్కలు. ఆ చివరిది మన బడి గేటు దగ్గర అమ్మేదే.

ఒక సంగతి చెప్పాలి. అక్కడ ప్రతి హోటల్లో హమైకా అని ఎర్రటి పుల్లటి పానీయం ఇస్తారు. పిన్ని మొదటిసారి తాగి గ్లాసు కింద పెట్టి, "ఇది గోంగూర రా" అంది. నిజమే, అది మన ఎర్ర గోంగూర జాతి మొక్కే, మనం ఆకు తింటాం, వాళ్ళు పువ్వు కింది ఎర్ర రేకల్ని ఎండబెట్టి నానేస్తారు. ఇప్పుడు ఆవిడ బజార్లో ఆ ఎండు రేకలు కిలో లెక్కన కొని, వేడినీళ్ళలో నానబెట్టి, నీళ్ళు పిండేసి, ఎండుమిర్చి, వెల్లుల్లి వేయించి రోట్లో నూరుతుంది. రోలు అంటే వాళ్ళ మొల్కహేతే, నల్లరాతిది, మూడు కాళ్ళుంటాయి. వేడన్నంలో ఆ పచ్చడి కలుపుకున్న మా మావయ్య, అప్పటిదాకా మెక్సికో మీద వంద వంకలు పెట్టినాయన, రెండో ముద్దకి మాట్లాడటం మానేశాడు.

ఆ ఇల్లు నిజంగా వాళ్ళ పేరు మీదే ఉందా? సముద్రం పక్కన ఫారినర్స్ కొనొచ్చా?

మనవాళ్ళం కదా, ఈ ప్రశ్న రాకుండా ఉండదు. తీరం నుంచి 50 కిలోమీటర్లు, దేశ సరిహద్దు నుంచి 100 కిలోమీటర్ల లోపల విదేశీయులు నేరుగా భూమి సొంతం చేసుకోవడానికి మెక్సికో రాజ్యాంగం ఒప్పుకోదు. అందుకని ఫిదేయికోమీసో అనే బ్యాంకు ట్రస్టు ద్వారా కొంటారు: కాగితం మీద హక్కు బ్యాంకుది, ఉండే, అమ్మే, వారసులకి ఇచ్చే అధికారం వీళ్ళది. 50 ఏళ్ళకి, తర్వాత పొడిగించుకోవచ్చు. ఏటా బ్యాంకుకి ఫీజు. బీచ్ మాత్రం ఎవరిదీ కాదు, అది ప్రభుత్వ భూమి, హోటల్ ముందు ఇసకలోనైనా మీరు దర్జాగా నడవొచ్చు. "మేమూ ఒకటి కొందామా" అని మూడో రోజు మొదలెట్టకండి.

రోజంతా వాళ్ళు ఏం చేస్తారు? మేం బోర్ కొట్టిస్తామేమో?

బోర్ కొట్టేది వాళ్ళకి కాదు, మీకే. పొద్దున ఆరున్నరకి బాబాయి కాఫీ గ్లాసుతో బాల్కనీలో ఉంటాడు, పెలికాన్లు రెక్కలు మడిచి నీళ్ళలోకి రాయిలా పడటం చూస్తూ. ఆ అరగంట మాట్లాడించకండి, పక్కన కూర్చోండి చాలు. పిన్నికి వారానికి రెండు రోజులు స్పానిష్ క్లాసు, ఒక రోజు పక్క ఫ్లాట్ల కెనడా ఆవిడలతో పేకాట. మీరొచ్చారని అవి మానుకుంటానంటుంది, మానుకోనివ్వకండి. సాయంత్రం సూర్యుడు నీళ్ళలో మునిగేటప్పుడు అందరూ ఒడ్డుకి వస్తారు. వైజాగ్‌లో సముద్రం మీద సూర్యోదయం చూసి పెరిగిన మనిషి ఇప్పుడు రోజూ అస్తమయం చూస్తున్నాడు, దాని గురించి ఆయన కాస్త ఎక్కువే మాట్లాడతాడు, విని ఊరుకోండి.

పిల్లల్ని సముద్రంలో దింపొచ్చా?

జెండా చూసి. ఆకుపచ్చ అయితే సరే, పసుపు అయితే చేయి పట్టుకుని ఒడ్డునే, ఎరుపు అయితే దిగొద్దు. అల తక్కువగా కనిపించినా కింద లాగుడు ఉంటుంది. కాంప్లెక్స్ స్విమ్మింగ్ పూల్‌కి రాత్రి టైం రూల్ ఉంది, అది దాటి పిల్లలు కేకలు పెడితే అసోసియేషన్ నుంచి మాట పడేది పిన్నివాళ్ళే.

ఒంట్లో బాగాలేకపోతే?

చిన్నవాటికి చాలా మందుల షాపుల పక్కనే డాక్టర్ గది ఉంటుంది, తక్కువ ఫీజుకే చూస్తారు. యాంటీబయాటిక్స్ చీటీ లేకుండా ఇవ్వరు, 2010 నుంచి రూల్. ఎమర్జెన్సీ నంబర్ 911. దోమలతో జాగ్రత్త, వానాకాలంలో డెంగీ ఉంటుంది. పెద్ద సమస్యయితే ప్రైవేట్ ఆసుపత్రి ముందే డబ్బు కట్టమంటుంది, అమెరికాలో పెద్దవాళ్ళకుండే ప్రభుత్వ ఆరోగ్య ఇన్సూరెన్స్ మెడికేర్ మామూలుగా అక్కడ పనిచేయదు. అందుకే బాబాయి కూడా పెద్ద చెకప్‌లన్నీ టెక్సస్ వచ్చినప్పుడే చేయించుకుంటాడు. పెద్దవాళ్ళని తీసుకెళ్తే ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరిగా తీసుకోండి.

## ఊరు చూడటానికి

చుట్టుపక్కల తప్పక చూడాల్సినవేంటి?

డిసెంబర్ నుంచి మార్చి దాకా అయితే తిమింగలాలు, ఇంకేం వద్దు. హంప్‌బ్యాక్ తిమింగలాలు పిల్లల్ని కనడానికి ఈ అఖాతంలోకి వస్తాయి, ఒక్కోసారి ఒడ్డు నుంచే తోక కనిపిస్తుంది. వానాకాలం నుంచి డిసెంబర్ దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెడతాయి, పిల్లల్ని సముద్రంలో వదిలే కార్యక్రమాలుంటాయి. వైజాగ్ ఒడ్డుకి వచ్చేవీ ఈ జాతివే. పక్క ఊరు లా క్రూస్‌లో చలికాలం ఆదివారాలు సంత బాగుంటుంది. మారియెతాస్ దీవుల్లో దాగిన బీచ్‌కి సొరంగంలోంచి ఈదుకుంటూ వెళ్ళాలి, రోజుకి కొద్దిమందినే పంపిస్తారు, అమ్మమ్మల్ని తీసుకెళ్ళే చోటు కాదు. దగ్గర్లోని సర్ఫింగ్ ఊరు సయులీతా ఒక పూటకి చాలు.

కారు అద్దెకి తీసుకోనా?

ఊళ్ళో ఉండేటట్టయితే దండగ. తీసుకుంటే మెక్సికన్ లయబిలిటీ ఇన్సూరెన్స్ తప్పదు, మీ అమెరికా పాలసీ చెల్లదు. చెప్పాపెట్టకుండా వచ్చే స్పీడ్ బ్రేకర్లని తోపే అంటారు, ఆ బోర్డు గుర్తుపట్టడం నేర్చుకోండి.

## తిరిగొచ్చేటప్పుడు

అక్కడి మామిడిపండ్లు తెచ్చుకోవచ్చా?

లేదు, అమెరికా కస్టమ్స్ తాజా మామిడిని రానివ్వదు. పిన్ని కట్టిచ్చే ఎండు హమైకా పొట్లం లాంటివి ఏవున్నా ఫారంలో, ఆఫీసర్‌కీ చెప్పేయండి. చెబితే మహా అయితే తీసుకుంటారు, దాచితే ఫైన్.

పాస్‌పోర్ట్ పోతే?

ఇండియన్ ఎంబసీ మెక్సికో సిటీలో ఉంది, అంటే ఇంకో ఫ్లైట్. పోగొట్టుకోవద్దు. బీచ్‌కి ఫోటో కాపీ తీసుకెళ్ళండి, అసలుది పిన్ని బీరువాలో పెట్టండి.

వాళ్ళు మన దగ్గరికి ఎప్పుడొస్తారు?

జూలైలో ఉక్క ముదరగానే. రెండు నెలలు టెక్సస్‌లో పిల్లల దగ్గర, మధ్యలో మా ఇంట్లో ఒక వారం ఉంటారు. బాబాయి వచ్చిన రోజే థర్మోస్టాట్ దగ్గరికి వెళ్ళి, రెండు డిగ్రీలు పెంచి, నా వైపు చూసి నవ్వుతాడు.